మధ్యాహ్నానికి వాడే పువ్వు

వృక్షశాస్త్రం మేష్టారు కళ్ళజోడు నుదుటికెక్కించారంటే పాఠం మొదలైనట్టే, ఇక పిడుగు పడినా ఆగదు. మూడేళ్ళుగా పసిబిడ్డలా సాకిన వెనిల్లా తీగ ఆ ఉదయం మొదటి పువ్వు పూసింది. మధ్యాహ్నంలోగా చేత్తో పుప్పొడి అద్దకపోతే కాయ కాయదు. మేష్టారేమో పువ్వుకి వీపు పెట్టి, కేసరానికీ కీలాగ్రానికీ మధ్య ఉండే అడ్డుపొర గురించి, పువ్వు చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగుకి చెబుతున్నారు.

"ముందు అద్దండి, వాడిపోతుంది," అంది భార్య.

"ఉండవే! శాస్త్రం తెలియకుండా అద్దితే కాయ కాస్తుందా?"

పన్నెండు దాటాక ఆయన వెనక్కి తిరిగేసరికి పువ్వు వాడి వేలాడుతోంది. మేష్టారు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని దానికేసి వంగారు.

"బెంగపడకండి. మీరు అటు తిరిగి చెబుతున్నప్పుడే చీపురుపుల్లతో ఆ పొర ఎత్తి అద్దేశాను," అంది ఆవిడ.

కళ్ళజోడు మళ్ళీ నుదుటికెక్కింది. "చూశారా," అన్నారు మేష్టారు ఇరుగుపొరుగుతో, "నేను పాఠం చెబితే వీపు వెనకున్నవాళ్ళకి కూడా అర్థమవుతుంది!"