కొంగుముడి వేసిన ఫోను

మేము ఇంటికి తిరిగి వచ్చేస్తున్నామన్న వార్త నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ. మా ఆయనకు అక్క, నాకు వదిన. ఇందులో వింత ఏమిటంటే, ఆమె అప్పుడు కోరుట్లలో ఉంది. నేను షార్జాలో మా ఆయనకు ఎదురుగా నిలబడి ఉప్మా వడ్డిస్తున్నాను.

"సామాను సదురుతున్నవా పిల్లా?" అంది ఫోనులో.

"ఏం సామాను వదినా?"

"అగో! వాడు చెప్పనే లేదా? కంపెనీల కాయితం ఇచ్చిండట గదా. ఇగ ఇంటికే అని నాకు మొన్ననే చెప్పిండు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఉప్మాలో ఏదో పోగొట్టుకున్నట్టు ప్లేటులోకి వంగి వెతుకుతున్నాడు.

"చెప్దామనే అనుకుంటున్న" అన్నాడు చివరికి.

ఆయన తీరే అంత. ఒక మాట పుట్టి పెదవి దాటేసరికి రెండు రోజులు పడుతుంది. ఈసారి ఆ మాట సముద్రం దాటి, అక్క చెవిలో పడి, మళ్ళీ సముద్రం దాటి నా వంటింటికి వచ్చింది. అలగవలసిన రోజే. కానీ వంటింటి అరలో ఉన్న దేవుడి పటం ముందు నిలబడేసరికి అలక ఎటు పోయిందో తెలియదు. కిటికీ లేని ఆ వంటింట్లో పన్నెండేళ్లు ఏ లోటూ లేకుండా నడిపించావు తండ్రీ అని మా ఇలవేల్పు రాజన్నకు దండం పెట్టుకొని, ఆయనకు ఇంకో గరిటె ఉప్మా వేశాను.

పిల్లల బడి జూన్‌లో మొదలవుతుంది కనుక నేనూ నా ఇద్దరు బిడ్డలూ ముందుగా రావాలని, ఆయన కంపెనీ గడువు ముగించుకొని వెనక రావాలని అనుకున్నాం. కోరుట్లలో మా కొత్త ఇల్లు అప్పటికే తయారైంది. దాన్ని మేమెవరమూ చూడలేదు. అంటే, ఫోనులో చూశాం. మా వదిన రెండేళ్ల పాటు ఫోను చేతబట్టుకొని "గిది మీ వంటిల్లు" అని ఇసుక కుప్పను, "గిది దేవుని అర్ర" అని గడ్డపారలను చూపించింది. నేను ఇసుక కుప్పకు కూడా దండం పెట్టేదాన్ని.

ఆ ఇంటి గోడలు తడిపింది ఆమె. పొద్దున్నే పైపు పట్టుకొని నాలుగు గోడలూ తడిపి, పోయి బీడీల చాట ముందు కూర్చునేది. సాయంత్రం మళ్ళీ వచ్చి తడిపేది. ఎండాకాలంలో మధ్యాహ్నం కూడా. ఒక్క పూట కూడా మానినట్టు ఇల్లు కట్టిన మేస్త్రి చాచా చెప్పలేదు. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె బొటనవేలు, చూపుడువేలు నున్నగా అరిగిపోయాయి. మా ఆయన పంపిన ఫోను వేలిముద్రతో తెరుచుకునే రకం. దుకాణంలో ఒక్కొక్క వేలే పెట్టి చూస్తే, ఎడమచేతి చిటికెన వేలును మాత్రమే ఆ ఫోను మనిషి వేలుగా ఒప్పుకుందట. అప్పటి నుంచి ఆ ఫోను తెరుచుకోవాలంటే ఆ చిటికెన వేలు రావలసిందే. తెరిచే నంబరు ఒకటి ఉంటుంది కానీ, అది రాసిన చీటీని చాటలోని తునికాకులతో పాటు కత్తిరించేసింది.

నేను పిల్లలతో వచ్చి వదిన ఇంట్లో దిగిన వారానికి మా అట్టపెట్టెలు వచ్చాయి. వాడకట్టంతా చూడటానికి వచ్చింది. ఒంటి మీద చీరే బరువైన ఆ ఎండల్లో రెండు పెద్ద బొచ్చు దుప్పట్లు బయటపడితే, పక్కింటామె చేత్తో నిమిరి, "మస్తు ఎచ్చగున్నది" అని చెమట తుడుచుకుంది. ఎవరికి ఇవ్వాలన్నా వాళ్లే భయపడ్డారు.

అప్పుడు జగిత్యాల నుంచి మా పెద్దత్త, అంటే మా ఆయనకు పెద్దమ్మ, దిగింది. మా అత్తామామలు లేరు కనుక పెద్దదిక్కు ఆమే. వస్తూనే అయ్యగారి మాట మోసుకొచ్చింది: మూఢం వస్తోంది, అది మొదలైతే మూడు నెలలు గృహప్రవేశానికి మంచి ముహూర్తం లేదు, ఉన్నది ఒక్కటే, వచ్చే గురువారం పొద్దున. మా ఆయన విమానం దానికి మూడు వారాల తర్వాత.

"ఆయన లేకుండ ఎట్ల పెద్దత్తా?" అన్నాను.

"ఎందుకుండడు? ఫోన్ల లేడా? ఇల్లు కట్టినప్పుడు ఫోన్లనే ఉన్నడు గదా. పాలు పొంగిచ్చుటానికి ఏం రోగం?"

అయ్యగారు కూడా పంచాంగం తిరగేసి, దంపతులు ఇద్దరూ కనిపించాలన్నారే తప్ప ఎక్కడ నుంచి కనిపించాలో ఎవరూ చెప్పలేదన్నారు.

అంతవరకు నవ్వులాటే. ఆ తర్వాత పెద్దత్త గొంతు తగ్గించి, మా వదినతో అంది:

"నువ్వేమనుకోకు బిడ్డా. ఆ పొద్దు నువ్వు ఎదురింటి అరుగు మీద కూసో. పాలు పొంగినంక రా."

మా వదిన భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆమె చాటలో ఆకు తిప్పుతూ, "నాకు తెల్వదా పెద్దమ్మా. వాళ్లకు మంచిగుంటె సాలు" అంది. చేతులు ఆగలేదు. రెండేళ్లు తడిపిన గోడల మధ్యకు ఆ ఒక్క పొద్దు ఆమె అడుగు పెట్టకూడదు. నోరు తెరిచి "ఆమె లేకుంటే నేను పోను" అనవలసింది నేను. అనలేదు. పెద్దత్త మనసు నొచ్చుకుంటుందని, ఏదైనా కీడు జరిగితే నా నెత్తిన పడుతుందని భయం. నా భక్తిలో ఎంత భాగం భయమో ఆ రోజు తెలిసింది.

మా ఆయనకు చెప్పుకున్నాను. వదిన ఫోనులోనే, ఆమె చేత తెరిపించుకొని, ఆమె అటు పోయాక. ఎందుకంటే నా ఫోను సంపులో పడింది. నాన్నకు నీళ్లు చూపిస్తానని మా చిన్నది ఫోనును వంచింది, నీళ్లు బాగా కనిపించి ఉంటాయి.

అంతా విని ఆయన, "చూద్దాం" అన్నాడు.

"ఏం చూస్తారు? అక్కడ కూర్చొని?"

"చూద్దామంటున్న గదా."

అంతే. దేవుడు నాకు ఓర్పు ఇచ్చాడు కానీ, ఆ పూట అది అట్టపెట్టెల్లో ఎక్కడో ఉన్నట్టుంది.

గురువారం పొద్దున్నే సిరిసిల్ల నుంచి మా అన్న వచ్చాడు, పుట్టింటి బట్టలతో. మాది మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు కాలి జబ్బుతో నేను బడికి పోలేకపోతే, మా నాన్న మగ్గాల షెడ్డు నుంచి వచ్చి ఇంటి గోడ మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. మా అన్న నాకు చీర, బావకు పంచె, కండువా తెచ్చాడు.

"బట్టలు పెట్టుడు పద్ధతి. బావ లేడని ఒట్టిగ ఎట్ల పోనిస్త?" అని కండువాను ఫోను మీద కప్పాడు.

"చీకటైంది! కరెంటు పోయిందా?" అని లోపలి నుంచి మా ఆయన అరుపు.

"కండువా బావా, కండువా! మంచిగున్నదా?"

"ఏం కనవడుతలేదు!"

ఫోనును ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి నిలబెట్టారు. కండువాను పళ్ళెం చుట్టూ చుట్టి, దాని కొసను నా కొంగుకు ముడి వేశారు. పెళ్లిలో కూడా ఆ ముడి ఇంత గట్టిగా వేసినట్టు గుర్తు లేదు. యజమాని ముఖం తూర్పుకు ఉండాలన్నారు అయ్యగారు. ఫోనును తూర్పుకు తిప్పాం. తీరా అడిగితే అక్కడ ఆయన ఖాళీ గదిలో అట్టపెట్టె మీద పడమరకు తిరిగి కూర్చున్నాడు. ఆయన తూర్పుకు తిరిగితే వెలుతురు లేక ముఖం నల్లగా కనిపిస్తోంది. అయ్యగారు ఆలోచించి, "ఇక్కడి తూర్పే లెక్క" అని తేల్చారు.

మా వదిన, తను చిటికెన వేలితో తెరిచి కాల్ కలిపిన ఫోనును పళ్ళెంతో సహా మా అన్న చేతికి ఇచ్చి, ఎదురింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. నేను అటు చూడలేదు.

ముందు పళ్ళెంతో మా అన్న, ముడికి కట్టుబడి నేను, వెనక పెద్దత్త, మేస్త్రి చాచా, పిల్లలు. మెట్టు ఎక్కాం. కాల్ పోయింది.

ఫోను నల్లబడి, మూసుకుంది. అక్కడి నుంచి మళ్ళీ పిలుస్తున్నట్టు చప్పుడైతే ఉంది, ఫోను తెరిస్తే తప్ప ఆ వీడియో కాల్ యాప్ పలకదు.

"నీ వేలు పెట్టు" అంది పెద్దత్త. మా అన్న పెట్టాడు. కాదంది. పెద్దత్త తన వేలును కొంగుతో తుడిచి పెట్టింది. నేను పెట్టాను. మేస్త్రి చాచాను అడిగితే, "నా వేలికి సిమెంటే ఉన్నదమ్మా, గీతలెక్కడియి" అన్నాడు. చివరికి మా అన్న పళ్ళెం పట్టుకొని రోడ్డు దాకా పరిగెత్తాడు. ముడి ఉంది కనుక నేనూ పరిగెత్తాను. వదిన అరుగు మీద కూర్చునే చిటికెన వేలు చాచి తెరిచింది. మళ్ళీ వెనక్కి వచ్చాం. మెట్టు ఎక్కాం. పోయింది. మళ్ళీ అరుగు దాకా పరుగు. ఈసారి మా అన్న, "ఇంకో ఫోనుకు కలుపు బావా" అంటే, "ఇంకో దానికి కలుస్తలేదు, గీ నంబరుకే కలుస్తది" అన్నాడు మా ఆయన.

మూడోసారి వదిన గేటు దాకా వచ్చింది, మేము అలసిపోయామని. నాలుగోసారి మెట్టు దగ్గరికి. గడప ముందు మళ్ళీ పోయింది.

"పది నిమిషాలే ఉన్నది" అన్నారు అయ్యగారు.

పెద్దత్త చెమటతో, ఆయాసంతో, గడపను చూసింది, నల్లబడ్డ ఫోనును చూసింది, వదినను చూసింది. తర్వాత ఏ పుస్తకంలోనూ లేని మాట ఒకటి చెప్పింది:

"ఏమే, పళ్ళెం నువ్వే పట్టుకోరాదె! ఏలు దాని మీదనే ఉంచు. ఫోన్ పట్టుకునేటోళ్లు లెక్కల రారు. గడప దాటేది ఎవరు? నా కొడుకు దాటుతడు!"

"నేనెట్ల పెద్దమ్మా..."

"ముహూర్తం పోతున్నది! కుడికాలు వెట్టు!"

మా వదిన పళ్ళెం అందుకుంది. ఎడమ చిటికెన వేలు ఫోను మీద, కుడికాలు గడప మీద. పళ్ళెమే ముందు పోవాలి కనుక మా కొత్త ఇంట్లో మొదటి అడుగు ఆమెది. వెనక కొంగు లాగుతుంటే నేను. మళ్ళీ కాల్ పోలేదు. ఒక్కసారి కూడా.

పొయ్యి మీద పాలు పెట్టాక, "పాలు కనవడుతలేవు. అక్కా, ఇంకింత దగ్గరికి రా" అన్నాడు ఆయన. ఆమె జరిగింది. "ఇంకింత." పొయ్యి పక్కనే నిలబడింది. పాలు పొంగి పొయ్యి మీదికి, కండువా మీదికి వచ్చాయి. పెద్దత్త పసుపుకుంకుమల పళ్ళేన్ని చేతిలోనే మరిచిపోయి, "పొంగినయి బిడ్డా, పొంగినయి" అని మా వదిన భుజం మీదే కొట్టింది.

మూడు వారాలకు, మూఢంలో, మా ఆయన వచ్చాడు. నువ్వు ఎప్పుడో లోపలికి వచ్చావు కనుక దోషం లేదని పెద్దత్త ముందే చెప్పింది. ఆ ధైర్యంతో చెప్పులతోనే నడిచి వచ్చేశాడు.

మర్నాడు కూరగాయలు తరుగుతూ అడిగాను. "ఆ రోజు అక్కడ నెట్‌వర్క్ అంత పాడుగ ఎందుకుండె?"

"మంచిగనే ఉండె" అన్నాడు.

"మరి?"

"ఎర్ర గుర్తు ఒత్తిన."

"ఎన్నిసార్లు?"

"అక్క అచ్చేదాంక."

ఈసారి మాట పెదవి దాటడానికి మూడు వారాలు పట్టింది. నేను కత్తిపీట పక్కన పెట్టి, ఆ నోరులేని మనిషిని ఇచ్చినందుకు దేవుడి అర్ర వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. ఒకప్పుడు గడ్డపారలున్న చోటు అది.

మా వదిన ఇప్పుడు మాతోనే, ముందరి గదిలో ఉంటోంది. గోడలు ఆరిపోయి ఎన్నో నెలలైనా, తెల్లవారగానే చెంబుతో గుమ్మం పక్క గోడ మీద ఇన్ని నీళ్లు చల్లందే ఆమెకు తోచదు. పేరు రాయవద్దంది, రాయలేదు. చదివిన మీకు ఒకటే మనవి. మీ ఇంట్లోనో, మీవాళ్ల ఇంట్లోనో కొత్త పొయ్యి మీద పాలు పొంగేటప్పుడు, కోరుట్లలో బీడీలు చేసే ఒక అక్కను, ఆమె ఎడమచేతి చిటికెన వేలును ఒక్కసారి తలచుకోండి.