వంటావార్పు దాటుకుని ఒక పాత ఇంగ్లీషు సినిమాకు

మా అత్తయ్యగారికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటి చూపు కూడా ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పాడు. అది విని ఆవిడ కాశీ అనలేదు, తిరుపతి అనలేదు. మామగారు రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చిన కొత్తలో ఉదయం ఆటలకు తీసుకెళ్లి చూపించిన ఒక అమెరికా నటిని ఇంకొక్కసారి తెరమీద చూడాలన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు శనివారం రెండు గంటలకు ఆ నటిది ఒక నలుపు తెలుపు సినిమా వేస్తున్నారని తెలిసింది. ఆ రోజు నాకు ఉపవాసం. అయినా తప్పలేదు.

వనస్థలిపురం నుంచి మామూలుగా అరగంట దారి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు కదా అని పన్నెండుకే షేర్ ఆటో ఎక్కాం, మనిషికి పది రూపాయలు. ఎక్కింది మొదలు అత్తయ్యగారు డ్రైవరుకు ఆ నటి సంగతులే. టోపీల దుకాణంలో పనిచేసే పిల్లను స్టూడియో వాళ్లు తీసుకెళ్లి, పేరు మార్చి, జుట్టు రంగు మార్చి, పద్ధతైన వేషాలు ఇస్తే ఎవరూ చూడలేదట. ఒక సినిమాలో చేతికి తుపాకీ, నోటికి సిగరెట్టు ఇచ్చేసరికి జనం ఎగబడ్డారట. ఆపైన అన్నీ మొగుణ్ణి చంపించే వేషాలే. "ఎంతమందిని కాల్చినా చివరికి దాన్నే చంపేసేవాళ్లు బాబూ," అన్నారు. నేను మనసులో జపం చేసుకుంటూ బయటికి చూశాను.

ఎల్బీనగర్ చౌరస్తాకు ముందే ఆటో ఆగింది. రోడ్డుకు అడ్డంగా షామియానా, పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు. "వంటావార్పు ఉన్నదమ్మా. ఈడనే వండుకోని తిని లేస్తరు. మూడింటిదాక బండ్లు కదలయి," అని డ్రైవర్ ఇంజను ఆపేశాడు. నడుద్దామంటే అత్తయ్యగారు నాలుగడుగులు వేసి ఆ షామియానా కిందే కూర్చున్నారు.

అక్కడ పప్పు కలుపుతున్న నల్గొండ ఆవిడ, పేరు యాదమ్మ, విస్తరాకు వేసింది. అత్తయ్యగారి మాట వినగానే నవ్వింది. "మీరు ఆంధ్రోళ్లు గదా పెద్దమ్మా? మా రాష్ట్రం మాకియ్యున్రి, మీ రోడ్డు మీకిస్తం. జర తిను."

"ముందు పప్పులో ఇంకాస్త ఉప్పు వెయ్యి, రాష్ట్రం సంగతి తరవాత చూద్దాం," అన్నారు అత్తయ్యగారు. అందరూ నవ్వారు.

అన్నం తింటూ మళ్లీ ఆ నటి కథే. ఆడవాళ్లు చుట్టూ చేరారు. నలభై దాటగానే, మొన్నటిదాకా తన పక్కన హీరోగా వేసినవాడికే తల్లిగా వెయ్యమన్నారట. ఆవిడ కాదంటే వదిలేశారట. తరవాత టీవీలో చిన్నాచితకా వేషాలట.

"ఆడు మాత్రం హీరోనే ఉంటడా?" అంది యాదమ్మ కోపంగా.

"ఉంటాడే తల్లీ."

సినిమా మొదలయ్యే వేళ దాటిపోయింది. లేద్దామని మూడుసార్లు చెప్పాను. మైకులో పాటల మధ్య నా గొంతు ఎవరికీ వినబడలేదు. నా మీద నాకే విసుగొచ్చింది. చివరికి యాదమ్మను పక్కకు పిలిచి అత్తయ్యగారి చూపు సంగతి చెప్పాను. ఆమె గరిటె దించింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా అక్కా?" అని ఒక ఆటో అతన్ని పిలిచి, కొత్తపేట గల్లీల్లోంచి తీసుకుపొమ్మంది. వంద అడగబోయినవాడు ఆమె చూపు చూసి యాభైకి దిగాడు.

మేం చేరేసరికి సినిమా చివరికొచ్చింది. చీకట్లో కూర్చున్న కాసేపటికి అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇంట్లో వెలుతురులో కాస్త కనిపించేది, ఇక్కడ బూడిదరంగు తప్ప ఏమీ అందడం లేదట.

"ఏం చేస్తోందో చెప్పమ్మాయ్."

చెప్పాను. మెట్లు దిగుతోంది. సిగరెట్టు వెలిగించింది. సొరుగులోంచి తుపాకీ తీసింది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"కళ్లెలా ఉన్నాయి?"

"వాటిల్లో భయముంది. తల మాత్రం దించలేదు."

ఆ నటి నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ రోజు పడ్డ పాట్లు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ అక్కడున్నంతసేపూ నేను కన్నార్పలేదు, ఆర్పితే అత్తయ్యగారికి ఆ ముక్క పోయేది. చివర తుపాకీ మోత వినబడింది. పోయిందా అని అడిగారు. పోయిందన్నాను. ఎలా పడిందని అడిగితే అదీ చెప్పాను. చూపు తగ్గిన పెద్దవాళ్లను ఇలాంటి ఆటకు తీసుకెళ్లేవారు చివరి వరసలో గోడ పక్క కుర్చీలు అడిగి తీసుకోండి. చెవిలో చెప్పడానికి వీలుగా ఉంటుంది.