జారుడుబల్ల ఇచ్చిన కంపెనీ

ఎనభైల మొదట్లో ఒక కంపెనీ మా పేట పిల్లలకు మేలు చేసింది. ఆ మేలు పేరు సిమెంటు జారుడుబల్ల. ఏ పెద్ద సంస్థ అయినా పిల్లల కోసం విరాళం ఇచ్చిందని వింటే ఇప్పటికీ నాకు ముందు అదే గుర్తొస్తుంది. నోరు చేదవుతుంది.

రాజోలు వైపు మా పేట కాలవకు ఇవతల, హైస్కూలు అవతల. మధ్యలో ఒక్క కొబ్బరి దుంగ. వానాకాలం నాచు పట్టిందంటే పెద్దవాళ్లే దాని మీద కూర్చుని జరుగుతూ దాటేవారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు ఒకసారి అక్కణ్ణుంచి పుస్తకాలతో సహా నీళ్లలో పడింది. వచ్చే వానలకు కూడా ఆ దుంగే ఉంటే పిల్లను బడి మాన్పించేస్తానని మా చెల్లెలు తేల్చి చెప్పింది.

అప్పుడే కంపెనీ ఆఫీసరు జీపులో వచ్చాడు. యువజన సంఘం ప్రెసిడెంటు గారు ఆయనకు బొండాలు కొట్టించారు. నేను కలప అడితిలో కొలతలు చూసేవాణ్ణి. వంతెనకు ఎంత కర్ర పడుతుందో లెక్క కట్టుకుని వెళ్లాను. నోరు తెరిచే సందే దొరకలేదు.

"పిల్లలకు ఆడుకునే చోటు ఉండాలి కదా?" అన్నాడు ఆఫీసరు.

"ఆయ్," అన్నారు ప్రెసిడెంటు గారు.

"జారుడుబల్ల అయితే బాగుంటుంది కదా?"

"ఆయ్."

మా వైపు ఆ మాటకు, మీరన్నది వినబడిందండీ అని మాత్రమే అర్థం. ముందు ఆయ్ అంటాం, తరువాత మెల్లగా అసలు సంగతికి వస్తాం. ఆఫీసరు ఆ తరువాత దాకా ఆగలేదు.

జీపు వెళ్లాక, "వంతెన మాట ఎత్తలేదేమండీ?" అని అడిగాను.

"అంత దూరం నుంచి వచ్చేరు, మొహమ్మీదే కాదంటామేటండీ? మళ్లీ వచ్చినప్పుడు చెబుదాం లెండి," అన్నారాయన.

ఆఫీసరు మళ్లీ వచ్చింది ప్రారంభోత్సవానికే. పిల్లలకు తలలు దువ్వించి ఫోటో కోసం వరసలో నిలబెట్టారు. పొడుగ్గా ఉందని మా మేనకోడల్ని ముందుకు లాగారు.

"జారడం ఇష్టమేనా పాపా?" అని అడిగాడు ఆఫీసరు.

"జారడానికి మాకు కాలవ మీద దుంగ ఉందండి."

ఆయన పకపకా నవ్వి గడుసుపిల్ల అన్నాడు. ప్రెసిడెంటు గారు ఇంకా గట్టిగా నవ్వారు. ఆ రెండు నవ్వుల్లో ఏది ఎక్కువ రోతో నేను తేల్చుకోలేకపోయాను. బల్ల పక్కన కంపెనీ పేరు బల్లకన్నా పొడుగ్గా రాయించారు. కొన్నాళ్లు పిల్లలు జారారు, ఆపైన ఆడవాళ్లు దాని మీద వడియాలు ఎండబెట్టారు.

తొలకరి పడింది. మా చెల్లెలు అన్నంత పనీ చేసింది. పిల్ల వానలన్నాళ్లూ ఇంట్లో కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనింది. ఒకరోజు నేను కంపెనీని తిడుతుంటే మా చెల్లెలు విని విని విసిగిపోయింది.

"నువ్వుండేది అడితిలోనే కదన్నయ్యా. ఇంకో దుంగ తెచ్చి పక్కన పడెయ్యడానికి కూడా ఆ ఆఫీసరే రావాలేటి?"

 ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురం కలిసి రెండో దుంగ వేసి, పట్టుకోవడానికి తాడు కట్టాం. పొద్దు వాలకముందే అయిపోయింది. ఊరు ఊరంతా జీపు కోసం ఎదురుచూసిన పని అంతే. ప్రెసిడెంటు గారు వచ్చి చూసి, కంపెనీ వారికి ఫోటో పంపుదామా అన్నారు.

మరునాడు పేట ఆడపిల్లలు దాని మీద నడిచి బడికి వెళ్లారు. మా మేనకోడలు మాత్రం కదలలేదు. ఈ ఏడు హాజరు చాలదు, వచ్చే ఏడు అదే తరగతి మళ్లీ చదవాలని హెడ్మాస్టరు చెప్పారట. చిన్నపిల్లల మధ్య కూర్చోనంది. ఎంత బతిమాలినా వినలేదు.