ఎదురింటి పాప మందుల చీటీ

ఏ మాటైనా మెడలో టేపు సవరించుకున్నాకే మొదలుపెట్టే దర్జీ బాబాయి, ఆస్పత్రికీ ఆ టేపుతోనే వచ్చాడు. ఇరవై రెండేళ్ళ కూతురికి రక్త క్యాన్సర్. ఎదురింటి ఆరేళ్ళ పాపకు అదే వచ్చి నయమైంది కనుక, ఆ పాప మందుల చీటీ అడిగి తెచ్చి డాక్టరమ్మ ముందు పరిచాడు. "ఇదే, కాస్త సైజు పెంచి రాసివ్వండమ్మా."

"పేరొకటే బాబాయ్ గారూ. చిన్నపిల్లల్లో తేలిగ్గా లొంగే రకాలెక్కువ, ఈ వయసులో మొండివెక్కువ. అయినా మీ అమ్మాయికి పిల్లల పద్ధతిలోనే మందులిస్తాం. తనకీ అదే మేలు."

"రకం వేరు, మందు అదేనా?" బాబాయి బుర్ర గోక్కుంటూ కూతురి వైపు చూశాడు.

"నన్నడుగుతావేం నాన్నా, నాకూ అర్థం కాలేదు."

నయమవుతుందా అని అడగడానికి బాబాయికి నోరు రాలేదు. "ఎన్నాళ్ళు వాడాలండీ?" అన్నాడు.

"దాదాపు మూడేళ్ళు."

కూతురు ఉసూరుమంది. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది. "విన్నావా తల్లీ? మూడేళ్ళంట!"