పిడికిలి పట్టికను నేను కూడిన ఆదివారం

నా జన్మలో ఒక్క కూడిక తప్పాను. ఆ ఒక్క కూడికకే ఒక మహాయోధురాలి ప్రాణం పోయింది. మూడేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఐదే, చిన్నతనమని క్షమించండి.

మెట్‌పల్లిలో మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నా మనుమరాలు స్రవంతి, దాని దోస్తు నస్రీన్ బల్ల దగ్గర ఒక ఆట ఆడేవారు. కాగితం మీద ఒక వేషం రాసుకొని, పాచికలు వేసి రాక్షసులతో యుద్ధం. కథ నడిపేది నస్రీన్. స్రవంతి వేషం చంద్రక్క, కత్తియుద్ధంలో పులి. చంద్రక్క చస్తే చచ్చినట్టే. రెండేళ్లు పెంచిన వేషం బుట్టదాఖలు.

నన్నూ ఆటలోకి లాగి సన్యాసిని వేషమిచ్చి, చంద్రక్కకు సమంగా ఉండాలని నేరుగా పదిహేడో మెట్టు ఎక్కించారు. సన్యాసినికి ఆయుధమక్కర్లేదు, మెట్టు పెరిగేకొద్దీ పిడికిలి దెబ్బ పెరుగుతుంది. మొదటి మెట్టులో నాలుగు ముఖాల పాచిక, ఐదులో ఆరు, పదకొండులో ఎనిమిది, పదిహేడులో పది. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. పట్టిక చూస్తే నోరూరింది. నాలుగింటి సగటులూ కూడితే పదహారు. నా వంతుకు రెండు గుద్దులు, ముప్పై రెండు!

ఆ ఆదివారం కథ ఒక పాత గుడికి చేరింది. చంద్రక్క కత్తి దూసి గడప దాటబోయింది.

"ఆగు పొల్లా! కత్తి పట్టుకొని గుళ్లెకు పోతవా? చెప్పులు, కత్తి అన్నీ బయట పెట్టు."

"లోపల రాక్షసుడున్నడు అమ్మమ్మా!"

"దేవుడు సుత ఉన్నడు గద. వేములవాడల గిట్లనే పోతవా?"

"గిది ఆటనే!"

"రాక్షసుని ప్రాణమెంత నస్రీన్?"

"అది చెప్పద్దు టీచర్."

"అంకె లేకుంట లెక్కెట్ల చేస్తరే?"

తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివిన పిల్ల, భయపడి చెప్పేసింది: ముప్పై. నా ముప్పై రెండు దెబ్బకు ఒక్క వంతులోనే చస్తాడు! "టీచర్, జర గా పట్టిక..." అని నసిగింది.

"నువ్వు కథ చెప్పు. లెక్క ఫికర్ నీకెందుకు?"

కత్తి గుడి బయట, చెప్పుల పక్కన చేరింది. లోపల రాక్షసుడు లేచాడు. నేను నాలుగు పాచికలూ గుప్పిట్లోకి తీసుకున్నాను. నస్రీన్ మెల్లగా మూడింటిని లాక్కుంది.

"పెద్ద పాచిక వస్తే చిన్నది పోతది టీచర్. కూడరు."

"ఏడున్నది గా మాట?"

"పట్టిక మీది లైన్ల."

ఉంది. తాటికాయంత అక్షరాల్లో ఉంది. మొదటి గుద్దుకు మూడు పడింది, రెండో గుద్దుకు నాలుగు. మొత్తం ఏడు. ఈగ వాలిందేమో అన్నట్టు రాక్షసుడు మెడ గోక్కొని, నా మీదికి గద ఎత్తాడు.

"అమ్మమ్మా, ఎన్కకు జరుగు!" స్రవంతి ఖాళీ చేతుల చంద్రక్కను నాకు అడ్డం నిలిపింది.

పాచికలు దొర్లాయి. నస్రీన్ తల దించుకొని, "చంద్రక్క పోయింది," అంది.

స్రవంతి కాగితం మడిచింది. "రెండేండ్లు, అమ్మమ్మా."

"రెండేండ్ల పదకొండు రోజులు," అన్నాను. అది నా వైపు చూసిన చూపుకు పాచికలక్కర్లేదు, ముప్పై రెండూ తగిలాయి.

"టీచర్," అంది నస్రీన్ మెత్తగా, "ప్రశ్న పూర్తిగ చదవకుంట లెక్క చేస్తే ఎన్ని మార్కులిస్తుంటిరి?"

"సున్న."

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కాగితపు గుళ్లోకైనా చెప్పులు విడిచే వెళ్తాను, కత్తి మాత్రం విడవను, విడవనివ్వను. కూడికలంటారా, అవి నస్రీన్ చేస్తుంది.