తలెత్తకుగారి గోల్ఫ్ పాఠాలు

ఆయన అసలు పేరు రిజిస్టర్లో ఉంది. గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఎవరూ తిరిగి చూడరు, ఆయనతో సహా. అందరికీ ఆయన తలెత్తకుగారు. ఎవరు బంతి కొట్టినా వెనక నుంచి వినిపించే మాట ఒక్కటే: “తలెత్తకు!” బంతి నేల మీద పాకితే తలెత్తినందువల్ల, మబ్బుల్లోకి లేస్తే తలెత్తినందువల్ల, కుడికి పోయినా అందువల్లే. ఒకావిడ స్టిక్ ఎత్తకముందే తుమ్మింది. దానికీ ఆయన అదే కారణం చెప్పాడు.

ఒక మనిషి గురించి ఇలా రాయడం మంచిది కాదని నాకూ తెలుసు. దేవుడు అందరికీ నోరిచ్చాడు. కొందరికి మూత ఇవ్వడం మరిచిపోయాడు. కానీ బంతుల బుట్టలు అందించే కౌంటరు వెనక పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను, ఆ పాఠాలన్నీ నా చెవినే పడ్డాయి. కాస్త దించుకోకపోతే ఎలా?

పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడాయన. ముప్పై ఏళ్లు ఇతరుల ఫైళ్ల అంచుల్లో ఎర్ర సిరాతో తప్పులు చూపించిన చెయ్యి ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి దానికి దురద పుట్టింది. గోల్ఫ్ మీద ఒక పుస్తకం కొన్నాడు. నలభై పేజీలు చదివాడు. ఆరో రోజు నుంచి నేర్పడం మొదలుపెట్టాడు.

ఎవరైనా అడిగారా? అదే తమాషా, ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్లు తెల్ల చొక్కా, చేతికి గ్లవ్, మెడలో తువ్వాలు చూసి ఈయనే కోచ్ అనుకునేవాళ్లు. అసలు కోచ్ మా కోచమ్మ. మాసిన టోపీ పెట్టుకుని, నేల మీద కూర్చుని, ఎవరి పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తూ ఉంటుంది. ఆమెని చూసి గడ్డి పీకే మనిషి అనుకునేవాళ్లు.

తలెత్తకుగారి బంతి ఎప్పుడూ కుడికి వంగి పోతుంది. దానికి ఆయన కనిపెట్టిన వైద్యం ఎడమకి తిరిగి కొట్టడం. ఎడమకి తిరిగిన కొద్దీ బంతి ఇంకా కుడికి పోతుంది. అప్పుడు ఇంకాస్త ఎడమకి తిరుగుతాడు. తప్పు తనది మాత్రం ఎప్పుడూ కాదు. సోమవారం గాలిది, మంగళవారం బంతిది, బుధవారం కొత్త బూట్లది. ఆయన శిష్యుల్ని గుర్తుపట్టడం చాలా తేలిక. మైదానం ఎదురుగా ఉంటే, పెళ్లివారితో అలిగినట్టు ఎడమ కంచెకేసి తిరిగి నిలబడ్డవాళ్లంతా ఆయన శిష్యులే.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఆయన వంగి బంతి పెట్టేవాడు. బుట్ట మొత్తం అయ్యేదాకా పెట్టేవాడు. బంతికి ఒక సలహా చొప్పున వాళ్లు భరించాల్సి వచ్చేది, అంతే.

ఆయన భార్య పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. మేమంతా పంతులమ్మ అంటాం. వచ్చినప్పుడల్లా నా నీళ్ల సీసా ఖాళీగా ఉందేమో చూసి, ఉంటే అడక్కుండానే నింపి తెచ్చిపెట్టే మనిషి. ఆమెతో ఇరవై ఏళ్లు ఒకే బడిలో పనిచేసిన సైన్సు టీచరమ్మ ఆదివారాలు అసలు కోర్సులో, అంటే పక్కనున్న పెద్ద ఆట మైదానంలో, ఆడుతుంది. ఆవిడ నెలాఖరుకి ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. వెళ్లేలోగా స్నేహితురాలితో ఒక్క ఆటయినా ఆడాలని పంతులమ్మ కోరిక.

కోర్సులో అడుగుపెట్టాలంటే చీటీ కావాలి. పది బంతులు కొడితే రెండు పచ్చ కర్రల మధ్య ఆరు పడాలి. అప్పుడు కోచమ్మ చీటీ రాస్తుంది. పంతులమ్మ భర్త దగ్గర నేర్చుకుని రెండుసార్లు పరీక్షకి నిలబడింది. మొదటిసారి రెండు పడ్డాయి, రెండోసారి ఒకటి.

“చూశావా, తల ఎత్తావు,” అన్నాడాయన.

“ఎత్తలేదండీ.”

“ఎత్తావు. నేను చూశాను.”

“మీరు నా తల చూస్తుంటే బంతి ఎటు పోయిందో ఎవరు చూశారు?”

“కుడికి పోయింది. ఇంకాస్త ఎడమకి తిరుగు.”

“ఇంకా తిరిగితే మన ఇంటికేసి కొట్టినట్టవుతుంది!”

మూడో పరీక్ష గురువారం. ఆ తరవాత పచ్చ కర్రల మధ్య కొత్త గడ్డి నాటుతారు, నెల రోజులు పరీక్షలుండవు. ఇది పోతే సైన్సు టీచరమ్మతో ఆట ఇక లేదు.

బుధవారం తలెత్తకుగారు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నోరు ఎలా చూడాలో ఆ డాక్టరుకీ నేర్పే ఉంటాడు. ఆ పూట పంతులమ్మ ఒక్కతే వచ్చి కౌంటరు పక్క బెంచీ మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు లేవు గానీ, గ్లవ్ వేళ్లు ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది. కోచమ్మ చూసి పక్కన చేరింది.

“పిన్నిగారూ, ఇంట్లో బల్ల ఎలా తుడుస్తారు?”

“గుడ్డతో.”

“గుడ్డని అడ్డంగా ఇటు లాగితే కింద బఠాణీ గింజ ఉందనుకోండి, అదేమవుతుంది?”

“గిర్రున తిరుగుతూ పక్కకి పోతుంది.”

“మీ బంతికి జరిగేది అదే. మీరు ఎడమకి తిరిగి నిలబడి, బంతిని అడ్డంగా తుడుస్తున్నారు. స్టిక్ ముఖం, అదే బంతికి తగిలే పలక, ఎటు చూస్తే బంతి దాదాపు అటే బయలుదేరుతుంది. చెయ్యి ఇంకోవైపు నడిస్తే గాలిలో వంగుతుంది. ఎడమకి తిరిగిన కొద్దీ తుడుపు ఎక్కువ, వంపు ఎక్కువ.”

పంతులమ్మ గ్లవ్ లాగడం ఆపింది. “అంటే లెక్క తప్పయితే లెక్క సరిచేయకుండా, జవాబుని పక్కకి జరుపుతూ వచ్చామన్నమాట.”

“అబ్బ! ఇంత చక్కగా నాకు చెప్పడం రాదు పిన్నిగారూ.”

కోచమ్మ నేల మీద స్టిక్ ఒకటి పరిచి దానికి సమంగా పాదాలు పెట్టించింది. ఎడమచేతి వేళ్ల మెటికలు రెండు కంటికి కనిపించేలా పట్టు తిప్పింది. స్టిక్ ముఖానికి పౌడరు అద్ది, బంతి ఎక్కడ తగిలిందో మచ్చ చూపించింది. మూడు బుట్టలు అయ్యాయి. మూడో బుట్టలో సగం బంతులు తిన్నగా వెళ్లాయి. పంతులమ్మ నా కౌంటరు వైపు చూసి చిన్నపిల్లలా నవ్వింది.

గురువారం తలెత్తకుగారు ఉబ్బిన బుగ్గతో ముందే తయారు. పంతులమ్మ మధ్యకి తిరిగి నిలబడగానే అరిచాడు. “ఎడమకి! ఎడమకి తిరుగు! నిన్నంతా నేర్పింది మరిచిపోయావా?”

“నిన్న మీరు లేరండీ.”

“మొన్న!”

ఆవిడ పాదాలు మెల్లగా ఎడమకి జరగడం నాకు కౌంటరు దగ్గరికే కనిపించింది. కోచమ్మ ఆయన దగ్గరికి నడిచింది. ‘నోరు మూసుకోండి’ అనేయొచ్చు, ఆమెకి ఆ హక్కు ఉంది. అనలేదు.

“బాబాయిగారూ, చిన్న సాయం. బంతి సరిగ్గా ఎక్కడ పడుతోందో దగ్గర నుంచి చూసేవాళ్లు కావాలి. మీ అంత తెలిసినవాళ్లు ఇక్కడ ఇంకెవరున్నారు?”

ఆయన ఉబ్బిన బుగ్గ ఇంకొంచెం ఉబ్బింది. బంతులు ఏరే బండిలో, చుట్టూ ఇనుప జాలీ మధ్య కూర్చుని రాజుగారిలా మైదానం మధ్యకి వెళ్లాడు. ఆ బండి మోతలో లోపలివాళ్ల అరుపు ఒక్క ముక్క బయటికి రాదు. లోపల ఏం జరిగిందో బండాయన తరవాత చెప్పాడు.

“మొదటి బంతి నుంచీ ‘ఎడమకి, ఎడమకి’ అని జాలీ పట్టుకుని ఊపేస్తున్నాడు. నేనన్నాను, సారూ, కుడి మూల గడ్డి ఎందుకు చచ్చిపోయిందో తెలుసా? మీ శిష్యుల బంతులన్నీ అక్కడే పడతాయి, రోజంతా అక్కడే బండి తిప్పుతాను, అని.”

“ఏమన్నాడు?”

“గాలి అటు కొడుతోంది అన్నాడు.”

మొదటి బంతి కర్రల దాకా పోకుండానే పడిపోయింది. రెండోది కుడికి పోయింది. పంతులమ్మ ఒక్కసారి కళ్లు మూసుకుని, దేవుణ్ని తలుచుకుందో ఎక్కాలు తలుచుకుందో, పాదాలు మళ్లీ సర్దుకుంది. తరవాతివి ఒకదాని వెనక ఒకటి కర్రల మధ్య పడ్డాయి. మధ్యలో ఒకటి దారి తప్పింది, అంతే. మొత్తం ఏడు. బుట్టలు పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

బండి ఆగీ ఆగకముందే దిగి వచ్చాడు తలెత్తకుగారు. “చూశారా! నా శిక్షణ! ఈసారి తలెత్తలేదు!”

“ఎత్తానండీ,” అంది పంతులమ్మ. “ప్రతి బంతికీ ఎత్తి చూశాను. అంత బాగా పోతుంటే చూడొద్దూ?”

ఆ నవ్వుల్లో ఆయన మొహం చూడలేక నేను బుట్టలు లెక్కపెట్టుకున్నట్టు నటించాను.

ఆదివారం పొద్దున్న, నా కౌంటరుకి ఎదురుగా ఉన్న కోర్సు గేటు దగ్గర సైన్సు టీచరమ్మ ముందే వచ్చి నిలబడింది. తలెత్తకుగారు భార్య స్టిక్కుల సంచి భుజాన వేసుకుని, తెల్ల చొక్కా మీద కొత్త టోపీతో వచ్చాడు. గేటాయన చెయ్యి చాపాడు.

“చీటీ సార్.”

“నాకెందుకయ్యా చీటీ? నేను నేర్పేవాణ్ని.”

“నేర్పేవాళ్లకి ముందు కావాలి కదా సార్.”

ఎన్నేళ్లుగానో నేర్పుతున్నవాడు ఒక్కసారీ పరీక్షకి నిలబడలేదన్న సంగతి అప్పటిదాకా మా ఎవరికీ తట్టలేదు. ఆయన గాలి వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు. ఈసారి రెండూ పనికిరాలేదు.

అప్పటికే గేటు దాటిన పంతులమ్మ వెనక్కి వచ్చింది. “కోచమ్మ ఇవాళ కొత్తవాళ్లకి మొదటి పాఠం చెబుతోంది. నేనొచ్చేలోపు వెళ్లి కూర్చోండి.”

“నేనా? మొదటి పాఠంలోనా?”

“మరి నేరుగా రెండో పాఠంలో ఎవరు చేర్చుకుంటారండీ? ముందా సంచి ఇవ్వండి, ఆలస్యమవుతోంది.”

సంచి ఆయన భుజం మీంచి తనే దించుకుని, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ఆకుపచ్చ గడ్డిలోకి నడిచింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని పకపకా నవ్వడం గేటు దాకా వినిపించింది.

తలెత్తకుగారు కాసేపు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత నా కౌంటరు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పాఠం ఎన్నింటికి?”

“ఎనిమిదికండీ.”

“ఊరికే అడిగాను,” అని గడియారం చూసుకున్నాడు.