పడవ ఆపే మాట

ఆపరేషన్‌లో గడ్డతో పాటు నా నాలుక ముందు భాగం కూడా తీసేశారు. ప్రాణం నిలబెట్టినందుకు డాక్టర్లకు దండం పెట్టాను. కానీ ఇంటికొచ్చి నోరు తెరిస్తే ర, ల, న, త, ద అన్నీ ఒకే ముద్దగా బయటికొచ్చాయి. ఒమన్‌లో వాడి కబీర్ అనే చోట మా కంపెనీ స్టోరులో సామాను ఇచ్చే పని నాది. నేనేదైనా చెబితే అవతలివాడు "క్యా?" అంటాడు. మళ్లీ చెబితే మళ్లీ "క్యా భాయ్?" ఆఖరికి అర్థం కాకపోయినా అయినట్టు తలూపి, జాలిగా నా భుజం తట్టి పోతాడు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండేది. నోరు మూసుకున్నాను. స్టోరులో ఫోన్ మీద టైపు చేసి చూపించడం, ఇంట్లో తలాడించడం, అంతే.

నా భార్య ఊరుకోలేదు.

"మాట్లాడకపోతే ఉన్న ముక్క గూడ మొద్దుబారుతదని ఆసుపత్రిల చెప్పిన్రు గద. ఎవ్వల మీద కోపానికి మూసుకున్నవ్ నోరు?" అని రోజూ పోరేది.

ఆమె అన్నది నిజమే. స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి కూడా ఇప్పుడు వాడకపోతే మాట ఇక తిరిగి రాదని హెచ్చరించింది. అది నాకూ భయమే. కానీ ఆ భయం కన్నా "క్యా?" అనే మాట మీద మంట ఎక్కువగా ఉండేది.

మా బామ్మర్ది అక్కడే సముద్రం ఒడ్డునున్న ఖబూరా ఊళ్లో ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తాడు. వాడికి శుక్రవారం వచ్చిందంటే చేపల పిచ్చి. మా కరీంనగర్ వైపు చెరువుగట్టున గాలమేసి కునుకు తీసే రకం పిచ్చి కాదది. ఒక ఒమానీ ముసలాయన పడవలో సముద్రంలోకి పోయి, వెనకాల రెండు గాలాలు నీళ్లలో ఈడ్చుకుంటూ మెల్లగా తిరుగుతారు. దారం కొసన తళతళలాడే బొమ్మచేప ఉంటుంది. దాన్ని నిజం చేప అనుకుని వంజరం ఎగబడుతుంది. చేప పడగానే గాలం కర్ర పట్టుకున్నవాడు "రోకో!" అని అరవాలి. ఇంజను దగ్గర నిలబడి ముందుకు చూస్తుండే ముసలాయనకు ఆ మాట వినబడితేనే వెనక చేప పడ్డట్టు తెలుస్తుంది. అప్పుడు పడవ ఆపుతాడు.

"ఇంట్ల కూసుని ఏం జేస్తవ్ బావా, గాలికి తిరిగొద్దువు రా" అని బామ్మర్ది ఒక శుక్రవారం నన్ను లాక్కుపోయాడు. వాడు పడవ ముందు భాగాన చాయ్ పోస్తుండగా నా చేతిలో కర్ర విల్లులా వంగింది. పక్కన ఎవరూ లేరు. అన్ని నెలల తర్వాత గొంతు చించుకుని అరిచాను. "రోకో" బదులు "ఓకో" వచ్చింది. ముసలాయన "ఓకే" అని విన్నాడు. వెనక్కి తిరగకుండానే బొటనవేలు చూపించి వేగం పెంచాడు. దారం పుటుక్కున తెగింది.

బామ్మర్ది కడుపు పట్టుకుని నవ్వాడు. సంగతి తెలిశాక ముసలాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను? ఇంటికొచ్చాక మాత్రం ఉక్రోషం ఆగలేదు. ఇన్నాళ్లకు నోరు తెరిస్తే, ఆపమన్నది పొమ్మన్నట్టయింది. అలాంటి చేపను ఎట్లాగైనా లాగాలి, నా నోటితోనే ఆ పడవ ఆపించాలి అని పంతం పట్టాను.

థెరపీ అమ్మాయి "ల ల ల" అనమనేది. రాని అక్షరంతో ఎంతసేపు కుస్తీ పడతాను? చిన్నప్పుడు బడిలో పంతులు అక్షరాలు ఎక్కడ పుడతాయో చెప్పేవాడు. క ఖ గ గొంతులో, త థ ద పళ్ల దగ్గర, ప ఫ బ భ మ పెదవుల మీద. అది గుర్తొచ్చి ఎగిరి గంతేశాను. నా పెదవులకు ఎవరూ కత్తి పెట్టలేదు కదా! బాత్‌రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున మొదలుపెట్టాను. అమ్మ, అబ్బ, మామ, బావ, పాము. అన్నీ ఖంగుమన్నాయి. అలా వెతుకుతుంటే దొరికింది అసలు మాట.

"ఆపు!"

నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమాపాలె? కుక్కరా?" అంది. అంటూనే ఆగిపోయింది. ఆమె మళ్లీ అడగకుండా అర్థం చేసుకున్న మొదటి మాట అది. గరిటె పట్టుకుని తలుపు దగ్గరే ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

తర్వాతి శుక్రవారం ముసలాయనకు ఈ మాట నేర్పమని బామ్మర్దికి టైపు చేసి చూపించాను. ఆయనకు ప పలకదు. "ఆబూ?" అని, అరబ్బీలో అది తండ్రి అన్న మాట కాబట్టి, చేప పడితే నాన్నను పిలుస్తాడా అని తెగ ఆశ్చర్యపోయాడు. ఎవరిని పిలిస్తే ఏం, పడవ ఆగితే చాలు!

పొద్దెక్కుతుండగా కర్ర గుంజుకుపోయింది. "ఆపు!" అన్నాను. పడవ ఆగింది. బామ్మర్ది సాయానికొస్తే మోచేత్తో నెట్టేశాను. చేప దారం లాక్కుని పోతుంది, నేను చుట్టుకుంటాను, మళ్లీ పోతుంది. భుజాలు పీకేస్తున్నా వదల్లేదు. చివరికి కొక్కెం వేసి పడవలోకి లాగితే నా కాలంత వంజరం.

గాలం తీయడానికి దాని నోరు తెరిచిన బామ్మర్ది కెవ్వుమన్నాడు. నాలుక ఉండాల్సిన చోట తెల్లటి పురుగొకటి రెండు నల్లకళ్లతో కూర్చుని ఉంది. ముసలాయనకు అది కొత్త కాదు. ఆ పురుగు చేప నోట్లో చేరి, నెత్తురు తాగి నాలుకను ఎండగొట్టి, ఆ చోట తానే తిష్ట వేస్తుందని వచ్చీరాని హిందీలో, సైగలతో చెప్పాడు. చేప మాత్రం తిండి తింటూ బతికేస్తుందట.

"ఛీ, దీనికి నాలుకనే లేదు బావా. ఇదేం చేప, పారేద్దాం" అని బామ్మర్ది దాన్ని తోక పట్టి పైకెత్తాడు.

పెదవుల మాటలేవీ ఇక్కడ పనికిరావు. చెప్పాల్సిన దాంట్లో అన్నీ నాకు రాని అక్షరాలే. అయినా చెప్పాను.

"ఏంది బావా?" అన్నాడు.

మళ్లీ చెప్పాను. వాడు చెవి దగ్గరికి తెచ్చాడు, అయినా అర్థం కాలేదు. నా చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోయింది. దాన్ని తీయలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గడ్డం మీదికి చొంగ కారుతున్నా తుడుచుకోకుండా, మళ్లీ చెప్పాను.

"నాకు గూడ నాలుక లేదు. నన్ను పారేసిన్రా?"

ఈసారి వాడికి అర్థమైంది. చేపను మెల్లగా కింద పెట్టాడు. దాని నోట్లో వేలు పెట్టి ఆ పురుగును పీకి, దాన్ని మాత్రం సముద్రంలోకి విసిరేశాడు.